ఇంట్లో దాక్కున్న వింత జీవుల మీద పాటల బొమ్మల పుస్తకం: అంత్యప్రాస కుదిరినా చదువుతుంటే నాలుక తడబడుతోంది, ఎందుకు?

పలకాబలపం:

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకి పెద్దవాళ్ళు చదివి వినిపించే బొమ్మల పుస్తకం ఇది. 32 పేజీలు, 8.5 అంగుళాల చదరం. ఇంట్లో ఉంటూ కంటికి కనపడని ఊహా జీవులు పన్నెండు, ఒక్కొక్క దానికీ నాలుగు పాదాల పాట. పైపుల్లో గుడగుడమ్మ, తలుపు సందులో కిర్రయ్య, మంచం కింద దుమ్ముబంతి, పెన్ను మూతలు తినే మూతలమింగి, ప్లగ్గు రంధ్రాల్లోంచి రెండు కళ్ళతో చూసే ప్లగ్గమ్మ, ఫ్రిజ్ వెనక గురక మామ, ఇలా సాగుతుంది.

మొదటి పాట:

పైపు లోపల గుడగుడమ్మ నివసిస్తుంది
రాత్రి పూట అందరూ పడుకున్నాక లేస్తుంది
నీళ్ళు తాగి తాగి పొట్ట బాగా పెంచుతుంది
పొద్దున్నే కుళాయి తిప్పితే కోపంగా అరుస్తుంది

నాలుగు పాదాలకీ అంత్యప్రాస ఉంది. అయినా పైకి చదివితే పాటలా లేదు, నాలుగో పాదానికి వచ్చేసరికి ఊపిరి తప్పుతోంది. ఎక్కడ సరిచేయాలి? పన్నెండు జీవులు 32 పేజీల్లో పడతాయా? బొమ్మలు వేయించే ముందు, ప్రెస్సుకి ఇచ్చే ముందు చూసుకోవలసినవి ఏమిటి?

లఘుగురు:

ముందు మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం, లెక్కపెట్టండి. హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు. సున్నా ఉన్న అక్షరం రెండు. పొల్లు హల్లుతో ముగిసే అక్షరం కూడా రెండే. అదే మాటలో ఒత్తక్షరానికి ముందున్న అక్షరం రెండు అవుతుంది. ఈ లెక్కన మీ నాలుగు పాదాలు వరుసగా 20, 23, 22, 27 మాత్రలు. రెండో పాదం చదివేసరికి ఒక కొలత చెవిలో పడుతుంది. నాలుగో పాదం ఆ కొలతకి నాలుగైదు మాత్రలు బయటికి పోతుంది కాబట్టి చదివేవాళ్ళు చివర్లో పరుగెత్తాలి. ఊపిరి తప్పేది అందుకే.

ఇక ప్రాస సంగతి. "-స్తుంది, -తుంది" అని ముగిస్తే తెలుగు చెవికి అది ప్రాసగా వినపడదు. మన వాక్యం మామూలుగానే క్రియతో ముగుస్తుంది కదా, కాబట్టి ఎవరు ఏం మాట్లాడినా ఆ చప్పుడు వస్తూనే ఉంటుంది. కష్టపడకుండా దొరికిన ప్రాసకి పాటలో విలువ తక్కువ. తెలుగులో బలమైన ప్రాస పాదం మొదట్లో ఉంటుంది, అంటే రెండో అక్షరంలో. దానికి తోడు యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జతపడే అక్షరం పాదం మధ్యలో మళ్ళీ రావడం. ఛందస్సు పేరు వినని పిల్లలకి కూడా ఈ రెండూ చెవికి తెలుస్తాయి.

పిల్లల పాటలోనే చూడండి. చిట్టి చిలకమ్మ పాటలో "చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా, తోటకెళ్ళావా, పండు తెచ్చావా" అనే నాలుగు ముక్కలూ తొమ్మిదేసి మాత్రలు. అన్నిటికీ విరుపు మూడు మాత్రల దగ్గరే: చిట్టి | చిలకమ్మా, తోట | కెళ్ళావా. చివర కలిసేది ఒక్క "ఆ" అచ్చు మాత్రమే. అంత్యప్రాస ఇంత పలచగా ఉన్నా పాట నోటికి రావడానికి కారణం ఆ 3+6 నడక.

మీ జీవి చప్పుడే మీకు నడకని ఇచ్చేస్తోంది. "గుడగుడ" సరిగ్గా నాలుగు మాత్రలు. అంటే చతురస్రగతి, పాదానికి నాలుగు నాలుగులు, మొత్తం పదహారు. "గుడగుడమ్మ" మాత్రం ఆరు మాత్రలు (డ మీద మ్మ పడి అది రెండవుతుంది). నాలుగుల్లో ఇమడదు. పేరు "గుడగుడ తాత" అని మార్చి ఇలా రాసి చూశాను:

గుడగుడ గుడగుడ గోడల లోపల
నడిరాతిరిలో నవ్వేదెవరూ?
కడవలు కడవలు కడుపున నింపీ
బుడబుడ బుడగలు పేల్చేదెవరూ?

ప్రతి పాదమూ 4+4+4+4, ఒక్కో నాలుగూ ఒక గణం. గుడ, నడి, కడ, బుడ అని రెండో అక్షరం నాలుగింటా "డ". గు-గో, న-న, క-క అని మొదటి మూడు పాదాల్లో మూడో గణానికి యతి పడింది. నాలుగో దాంట్లో (బు-పే) పూర్తి యతి లేదు, హల్లులు ఒకే వర్గంవి కాబట్టి చెవి సర్దుకుంటుంది. ముందు అక్కడ "బుడగలు ఊదేదెవరూ" అనుకున్నాను, అర్థం ఇంకా బాగుంటుంది. కానీ పైకి చదివేవాళ్ళు దాన్ని "బుడగలూదే" అని కలిపేస్తారు, ఒక మాత్ర తగ్గిపోతుంది. గణం మొదట్లో అచ్చుతో మొదలయ్యే మాట పెడితే ఇదే జరుగుతుంది. కాగితం మీద లెక్క సరిపోయినా నోట్లో సంధి జరిగి నడక కుంటుపడుతుంది. తప్పనప్పుడు తప్ప గణాన్ని హల్లుతోనే మొదలుపెట్టండి.

"నివసిస్తుంది" లాంటి పాఠ్యపుస్తకం మాటలు తీసేయండి. పైపులో ఎవరూ నివసించరు, ఉంటారు.

ఉట్టికింద:

పన్నెండు ఎక్కువండి. పేజీలు పరిచి చూస్తే తెలుస్తుంది. 32 పేజీల్లో 1 పేరు పేజీ, 2 ప్రచురణ వివరాలు, 3 అంకితమో చిన్న బొమ్మో. కథ 4, 5 పేజీల జంటతో మొదలై 30, 31 పేజీల జంటతో ముగుస్తుంది, 32 ఒంటి పేజీగా మిగులుతుంది. అంటే చేతిలో ఉన్నవి 14 జంట పేజీలు. తెర తీయడానికి ఒకటి, ముగింపుకి ఒకటి పోతే పన్నెండు. ఒక్కో జీవికి ఒక్క జంట ఇస్తే అది బొమ్మల పట్టిక అవుతుంది, పుస్తకం అవదు. ఒక్కొక్క దానికి రెండు జంటలు ఇచ్చి ఆరు జీవులతో ఆపండి.

రెండు ఎందుకంటే పేజీ తిప్పడం కోసం. లఘుగురు గారి పాట ప్రశ్నతో ముగిసింది, అది ఒక జంట. ఆ బొమ్మలో జీవి కనపడకూడదు. గోడ, పైపు, చెవి ఒగ్గి వింటున్న పిల్ల, మహా అయితే పైపు చివర ఒక నీటి బుడగ. పేజీ తిప్పాక జవాబు: "గుడగుడ తాతే! గుడగుడ తాతే!" అని ఒకే పాదం, నిండుగా బొమ్మ. జవాబుని ఎదురుగా కుడి పేజీలో పెడితే పాట పూర్తవక ముందే పిల్లల కన్ను అక్కడికి పోతుంది, అడిగిన ప్రశ్న వృథా అవుతుంది. తాత ఏం తాగాడు, ఎందుకు లావయ్యాడు, ఎక్కడ పడుకున్నాడు అనేది మాటల్లో చెప్పొద్దు. బొమ్మలో చూపించగలిగినదంతా పాటలోంచి కొట్టేయండి.

ఆరుని ఎంచేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఏ గుర్తు వదిలిపెడుతుంది, దేనికి ఊరుకుంటుంది? నాలుగింటికీ ఇంట్లో నిజంగా జరిగే పని ఒకటి జవాబుగా ఉండాలి. పైపు గుడగుడలాడేది లోపల గాలి చేరినందుకు. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు అది బాగా వినపడుతుంది. తలుపు కిర్రుమనేది బందుల్లో తుప్పు పట్టి, నూనె ఎండిపోయి. ఫ్రిజ్ గురక పెట్టేదీ ఉన్నట్టుండి ఆపేదీ కంప్రెసర్ నడిచి ఆగడం వల్ల. మంచం కింద దుమ్ము ఉండ కట్టేది బట్టల పీచూ వెంట్రుకలూ చిక్కుపడి ఫ్యాను గాలికి దొర్లుతుంటే. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయేది చెక్క చెమ్మ పీల్చి ఉబ్బినందుకు, అక్కడ ఒక ఉబ్బసం జీవిని పెట్టొచ్చు. తాలింపులో ఆవాలు చిటపటలాడేది గింజలోని తేమ ఆవిరై పొట్టుని పగలగొట్టినప్పుడు. పాట చదివిన మర్నాడు ఆ చప్పుడు వినపడితే పిల్లలు పుస్తకం వెతుక్కుంటారు. ఇంట్లో ఏ పనికీ ముడిపడకుండా ఊరికే "వింతగా ఉండే" జీవి అయితే పుస్తకం మూశాక గుర్తుండదు. మూతలమింగికి ఇందులో మంచి అవకాశం ఉంది. దానికి చప్పుడు లేదు కానీ గుర్తు ఉంది, మూత లేని పెన్నులు.

ప్లగ్గమ్మని మాత్రం ఈరోజే తీసేయండి. ఇందులో రాజీ లేదు. ప్లగ్గు రంధ్రాలు మొహంలా ఉంటాయన్న ఊహ బాగుంది, ఆ బాగుండడమే ప్రమాదం. ఈ వయసు పిల్లలు పుస్తకంలో చూసిన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి పలకరిస్తారు, తిండి పెడతారు. పెన్సిలో పిన్నీసో తీసుకెళ్ళి రంధ్రంలో పెడతారు. అలాగే సంపు, బకెట్టు, గీజరు, పొయ్యి, మిక్సీ జారు, వాషింగ్ మెషీన్ డ్రమ్ము, లోపలికి దూరగల ఫ్రిజ్ లేదా బీరువా, వీటిలో స్నేహపూర్వకమైన జీవి ఉండకూడదు. మీ గురక మామ ఫ్రిజ్ లోపల కాదు, వెనక ఉన్నాడు కదా అనొచ్చు. వెనక వైరూ వేడీ ఉంటాయి. అతన్ని ఫ్రిజ్ పైన కూర్చోబెట్టండి, దూరం నుంచి చూసి వినే చోట. గుడగుడ తాత కోసం పిల్ల మేడ మీద ట్యాంకు ఎక్కుతున్నట్టు బొమ్మ ఉండకూడదు. గోడకి చెవి ఆనించి వింటే చాలు. ఆవాల జీవిని పెడితే పిల్ల వంటగది గుమ్మం దగ్గరే ఉన్నట్టు గీయించండి.

భయం విషయానికొస్తే, అన్నం తినకపోతే బూచాడు పట్టుకెళ్తాడనే మాట ఇప్పటికీ ఇళ్ళల్లో ఉంది. మీ జీవి ఆ పని చేయకూడదనుకుంటే దాన్ని పిల్ల కంటే చిన్నగా గీయించండి, దానికే ఏదో ఒక భయం పెట్టండి. చీపురంటే దుమ్ముబంతికి వణుకు. పిల్లకి నవ్వొస్తుంది, చీకట్లో మంచం కింద ఏముందో అన్న బెదురు చీపురు వైపు మళ్ళుతుంది.

పలకాబలపం:

ప్లగ్గమ్మని తీసేశాను. ఆరు జీవులకి కుదించాను: గుడగుడ తాత, తలుపు జీవి, దుమ్ముబంతి, గురక మామ, మూతలమింగి, వానాకాలం ఉబ్బసం.

తలుపు పాట పదహారు మాత్రల్లో పెట్టి చూశాను. మొదటి రెండు పాదాలు:

కిర్రు కిర్రుమంటున్న తలుపులో
ఎవరో ఒకరున్నారు చూడండి

రెండూ పదహారే. అయినా మొదటి పాదంలోనే అడ్డు తగులుతోంది. లెక్క తప్పిందా?

లఘుగురు:

లెక్క తప్పలేదు, విరుపు తప్పింది. మొదటి పాదం మాటల వారీగా 3, 3, 5, 5. రెండోది 4, 7, 5. మొత్తం పదహారైనా, రెండో పాదంలో "ఎవరో" తప్ప, నాలుగేసి మాత్రలకి ఎక్కడా మాట తెగట్లేదు. చప్పట్లు కొడుతూ చదవండి, నాలుగు మాత్రలకి ఒక చప్పట. రెండో చప్పట "కిర్రు" మధ్యలో పడుతుంది. మొత్తం సరిపోవడం రెండో మెట్టు. చప్పట మాట మొదట్లో పడుతోందా అనేది మొదటి మెట్టు. పెద్దల పద్యంలో మాట గణం దాటి పోవచ్చు, అందం కూడా. మూడేళ్ళ పిల్లల పాటలో దాటకూడదు. "నడిరాతిరిలో" లాంటిది ఒకటి దాటినా, అది రెండు గణాలని నిండుగా ఆక్రమించి తర్వాతి గణం మొదటికి సరిగ్గా చేరాలి.

అసలు "కిర్రు"ని పదహారులో ఎందుకు ఇరికించడం? అది మూడు మాత్రల చప్పుడు. తలుపు త్రిశ్రగతిలో నడుస్తుంది:

కిర్రు కిర్రు కిర్రుమంటు
జుర్రుకుంది నూనె చుక్క
గుర్రు పెట్టి నిద్రపోయె
బిర్రు పొట్ట తలుపు పాప

పాదానికి 3+3+3+3. ప్రాస "ర్ర". ప్రాసాక్షరానికి ముందున్న అక్షరం అన్ని పాదాల్లోనూ ఒకే తూకంలో ఉండాలి. ఇక్కడ కి, జు, గు, బి నాలుగూ ఒత్తు వల్ల గురువులే, అంటే రెండేసి మాత్రలు. ఒకచోట "కిర్రు", ఇంకోచోట "కారు" పెట్టి రెండో అక్షరం ర కదా అంటే కుదరదు. ర్ర వేరు, ర వేరు. ఈ పాటలో నూనె చుక్క పడ్డాక చప్పుడు ఆగిపోవడం కూడా వచ్చేసింది, ఉట్టికింద గారు అడిగిన నాలుగో ప్రశ్నకి జవాబు. ఇది ప్రశ్నతో ముగియలేదు కాబట్టి మొదటి రెండు పాదాలు ఒక జంట పేజీలో, మిగతా రెండూ తిప్పాక పెట్టండి. తలుపు పాప మొదటి జంటలో కనపడనక్కర్లేదు, నూనె డబ్బా కనపడితే సరి.

మిగతా వాటికీ ఇదే పద్ధతి. ముందు చప్పుడు పలకండి, దాని మాత్రలు చూడండి, ఆ గతిలో రాయండి. గురగుర, చిటపట, టపటప నాలుగులు. తుస్సు, బుస్సు, టిక్కు, టక్కు మూడులు. మూతలమింగికి చప్పుడు లేదు కనక దానికి పేరులోని "మూత" ఇచ్చే మూడుని తీసుకోవచ్చు.

వరంగల్ వాకిలి:

ఒక్కొక్క జీవికి ఒక్కో గతి అంటే నాకు అనుమానమే. చదివి వినిపించేది ఛందస్సు తెలిసినవాళ్ళు కాదు, పొద్దంతా పని చేసి వచ్చిన అమ్మానాన్నలు. గతి మారిన ప్రతిసారీ మొదటి పాదం వాళ్ళ నాలుకకి పరీక్ష అవుతుంది. మార్చాలనుకుంటే ప్రతి పాట మొదటి పాదం అచ్చంగా చప్పుడే ఉండాలి: "కిర్రు కిర్రు కిర్రు కిర్రు", "గుడగుడ గుడగుడ గుడగుడ గుడగుడ". ఆ ఒక్క పాదంలో నోరు కొత్త నడకకి సర్దుకుంటుంది, తర్వాతది తడబడదు. లేదా నాలుగుల పాటలన్నీ ముందు, మూడులన్నీ తర్వాత పెట్టండి. అప్పుడు మార్పు పుస్తకం మొత్తంలో ఒక్కసారే.

ఇంకొకటి, మాటలు. మీరు కుళాయి అన్నారు, మా వైపు అది నల్లా. కొన్ని ఇళ్ళల్లో పంపు. కుళాయి (1+2+1), నల్లా (2+2) రెండూ నాలుగు మాత్రలే కనుక ఒకదాని చోట ఇంకోటి చదివినా నడక చెడదు. పంపు మూడు, అది పట్టదు. అటకని సజ్జ అనే ఇళ్ళున్నాయి, రెండూ మూడే, ఇబ్బంది లేదు. క్రియల్లో జాగ్రత్త. "పడుకుంది" అయిదు మాత్రలు, "పండుకుంది" ఆరు. చదివేవాళ్ళు తమ ఇంటి మాటలోకి తెలియకుండానే మార్చుకుంటారు, పాదం అక్కడ విరుగుతుంది. అందుకని ప్రాంతాన్ని బట్టి మారే మాటని పాదం మొదట్లో పెట్టొద్దు. ప్రాస రెండో అక్షరంలో ఉంది కదా, మాట మారితే ప్రాస కూడా పోతుంది. అలాంటి మాటని మూడో గణంలోనో నాలుగో గణంలోనో ఉంచండి.

అటకలూ చూర్లూ లేని ఇళ్ళల్లో, విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకి కూడా ఇది చేరాలనుకుంటే మీ ఆరులో అయిదు ఎక్కడైనా పనికొచ్చేవే. పైపు, తలుపు, మంచం, ఫ్రిజ్, పెన్ను లేని ఇల్లు లేదు. వానాకాలం ఉబ్బసం ఒక్కటీ మన ఊళ్ళది, ఉండనివ్వండి. అది తీసేస్తే పుస్తకానికి చిరునామా పోతుంది.

లఘుగురు:

చప్పుడు పాదం మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. అలా చేస్తే తలుపు పాట అయిదు పాదాలవుతుంది, మొదటి జంటలో మూడు, తిప్పాక రెండు. గతులు గుంపులుగా పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. వరసగా మూడు పాటలు ఒకే నడకలో వస్తే మూడో దాని దగ్గర పిల్లలు వినడం మానేసి అటూ ఇటూ చూస్తారు.

పరీక్ష ఎలా చేయాలో కూడా చెప్తాను. మీరు చదివి చూసుకోవద్దు. రాసినవాళ్ళకి నడక ముందే తెలుసు కాబట్టి తప్పుని సాగదీసి కప్పేస్తారు. పాట ఎప్పుడూ చూడని ఇద్దరు ముగ్గురికి కాగితం ఇచ్చి, ముందు మనసులో చదువుకోనివ్వకుండా నేరుగా పైకి చదవమనండి. ఫోన్లో రికార్డు చేయండి. ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ పాదం మార్చాలి. ఒక్కరే ఆగితే అక్కడ సంధి ఏమైనా జరుగుతోందేమో వెతకండి. వాళ్ళకి "ఇలా చదవాలి" అని మాత్రం చెప్పొద్దు, పుస్తకంతో పాటు మీరు ప్రతి ఇంటికీ వెళ్ళలేరు.

నాలుగురంగులు:

బొమ్మలు, ప్రెస్సు సంగతి నేను చెప్తాను.

బొమ్మలు వేయించే ముందు నమూనా పుస్తకం చేయండి. ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకి మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చి పిన్ను కొడితే 32 పేజీలు వస్తాయి. పాటలు కత్తిరించి అంటించండి, బొమ్మల చోట గీతలతో ఆకారాలు చాలు. పేజీ తిప్పడం కుదిరిందో లేదో స్క్రీన్ మీద తెలీదు, చేత్తో తిప్పితేనే తెలుస్తుంది. పేజీల సంఖ్య పెంచాలన్నా తగ్గించాలన్నా ఒకటీ రెండూ కుదరదు. ప్రెస్సులో ఫారం 16 పేజీలు, మీది రెండు ఫారాలు. తగ్గిస్తే 24కి రావాలి, అది ఒకటిన్నర.

8.5 అంగుళాల చదరం అంటే జంట పేజీ 17 × 8.5 అంగుళాలు. 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) లెక్కన 5100 × 2550 పిక్సెళ్ళు. కత్తెరకి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనం కలిపితే దాదాపు 5170 × 2620. చిత్రకారులకి ఈ అంకె మొదటే ఇవ్వాలి. చిన్న కొలతలో వేసి తర్వాత సాగదీస్తే గీతలు మసకబారతాయి. మొహాలు, కళ్ళు, అక్షరాలు అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. జంట పేజీ మధ్య మడతలోనూ అంతే. తాత ముక్కు మడతలో పడితే మొహం సరిగ్గా కనపడదు.

అక్షరాల దగ్గరే తెలుగు పుస్తకాలు ఎక్కువ చెడుతున్నాయి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్-రెడీకి మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి, "కిర్రు" కాస్తా "కిర్‌రు" అవుతుంది. ఫొటోషాప్‌లో పాత వెర్షన్లయితే దక్షిణాసియా లిపుల ఐచ్ఛికం కూడా ఎంచాలి. పాటని యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేయించి తర్వాత యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులూ సున్నాలూ తారుమారవుతుంటాయి, మొత్తం మళ్ళీ మాట మాటా చూడాలి. మొదటే యూనికోడ్‌లో టైపు చేయండి. బాలూ తమ్ముడు, మండలి, రామభద్ర లాంటివి ఉచిత లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పాటకి గుండ్రంగా, గీత మందంగా ఉండే బాలూ తమ్ముడు బాగుంటుంది. పెద్దవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివే దూరానికి 20 నుంచి 24 పాయింట్లు. పాదాల మధ్య ఎడం అక్షరం కొలతకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. మనకి పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి, అంతకంటే తగ్గిస్తే "ర్రు" కింది పాదం "గుడి"ని తాకుతుంది. చోటు చాలకపోతే అక్షరం తగ్గించండి కానీ పాదాన్ని మధ్యలో విరిచి కింది వరసకి దింపొద్దు. లఘుగురు గారు కట్టిన నడకంతా ఆ ఒక్క విరుపుతో పోతుంది.

పాటని బొమ్మలో భాగంగా గీయించొద్దు. విడిగా, అచ్చమైన నలుపులో (నల్ల ప్లేటు 100 శాతం, మిగతా మూడు రంగులు సున్నా), ఓవర్‌ప్రింట్ (కింద ఉన్న బొమ్మ రంగు తీయకుండా దాని మీదే నలుపు పడేలా) పెట్టి ఉంచండి. నాలుగు రంగులు కలిపిన నలుపు వాడితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. వరంగల్ వాకిలి గారన్నట్టు కుళాయి పాఠం ఒకటీ నల్లా పాఠం ఒకటీ వేయాలనుకుంటే, లేదా కన్నడంలోకో తమిళంలోకో తీసుకెళ్ళాలనుకుంటే, మార్చేది నల్ల ప్లేటు ఒక్కటే. రాత్రి బొమ్మ మీద తెల్ల అక్షరాలు పెడితే ఆ సౌకర్యం పోతుంది, సన్నటి గీతల్లో సిరా చేరి పూడుకుపోతాయి కూడా. మీ పుస్తకంలో సగం రాత్రి బొమ్మలే అనిపిస్తోంది. గోడ మీద వీధి దీపం వెలుగో, తెల్లటి దోమతెరో గీయించి పాటకి అక్కడ లేత చోటు చేయించండి.

కాగితం లోపల 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్, అట్టకి 250 నుంచి 300. మెరిసే కాగితం వద్దు, దీపం కింద చదివితే వెలుగు కళ్ళల్లోకి కొడుతుంది. 32 పేజీలకి మధ్య పిన్ను చాలు, పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది.

కాగితాల పని: ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. చిత్రకారులతో ఒప్పందం రాతలో ఉండాలి. హక్కు బదిలీ చేయించుకుంటే ఎన్నేళ్ళకి, ఏ దేశాలకి అన్నది అందులో రాయండి. కాపీరైటు చట్టం ప్రకారం కాలం రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. మీరే అచ్చు వేయకుండా ప్రచురణ సంస్థకి పంపేట్టయితే బొమ్మలు వేయించొద్దు, చాలా సంస్థలు చిత్రకారుల్ని తామే ఎంచుకుంటాయి. పాటలూ, ఏ జంట పేజీలో ఏది కనపడకూడదో చెప్పే ఒక్క వాక్యం చొప్పున సూచనలూ పంపితే చాలు. స్టోరీవీవర్‌లో (పిల్లల కథలు ఉచితంగా చదువుకునే వెబ్ సైటు) పెట్టాలనుకుంటే మొదటి స్థాయికి 250 మాటల హద్దు ఉంది, మీ ఆరు పాటలూ దాంట్లో సులువుగా పడతాయి. కాకపోతే అక్కడ పెట్టినవి క్రియేటివ్ కామన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు. అది మీకూ చిత్రకారులకీ సమ్మతమేనా అని ముందే మాట్లాడుకోండి.

పలకాబలపం:

అందరికీ ధన్యవాదాలు. ముగింపు జంటకి జీవులన్నిటినీ నిద్రపుచ్చే రెండు పాదాలు అనుకున్నాను: "తలుపు పాపా నిద్రపోవే, పైపు తాతా కన్ను మూయవొ". మూడూ నాలుగూ కలిపి నడిపించాను, జోలలా ఉండాలని. సరిపోయిందా?

లఘుగురు:

నడక సరిగ్గా ఉంది, 3+4 3+4, మిశ్రగతి. ముత్యాల సరం నడక, జోలకి బాగా పనికొస్తుంది. కానీ "కన్ను మూయడం" అంటే తెలుగులో చనిపోవడం. తాత అన్న మాట పక్కన అది అసలే పనికిరాదు. "పైపు తాతా పడుకొ నువ్వూ" అనండి, అదీ 3+4 3+4. వరంగల్ వాకిలి గారు చెప్పినట్టు ఎవరైనా దీన్ని "పండుకొ" అని చదివితే ఒక మాత్ర పెరుగుతుంది. జోల సాగదీసి పాడేది కాబట్టి ఆ ఒక్కటి ఇక్కడ వినపడదు.

32వ పేజీలో పాట వద్దు. మూత లేని పెన్ను ఒకటి చాలు.